దేశీయ ఆవుల పాల దిగుబడి: జన్యుయేతర కారకాల ప్రాధాన్యం

ఒంగోలు జాతి సేద్యానికే గాని పాడికి కాదన్న అభిప్రాయం మన రైతాంగంలో బలంగా నాటుకొని ఉంది. ఒక ఆవు ఒక ఈతలో ఇచ్చిన పాలను చూసి, ఆ లోటును జాతికి అంటగట్టడం దీనికి ఒక కారణం. పాల దిగుబడి అనువంశికత సాధారణంగా 0.25 నుండి 0.30 వరకు ఉంటుంది. అనగా ఒక మందలోని ఆవుల మధ్య కనిపించే వ్యత్యాసంలో సుమారు నాలుగో వంతు మాత్రమే సంతతికి సంక్రమించే గుణం. తక్కినది చాలావరకు పోషణ, కాలం, యాజమాన్యాలపై ఆధారపడుతుంది.

ఈతల క్రమం: తొలిచూలు ఆవు శరీరం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. తిన్న మేతలో కొంత ఆ పెరుగుదలకే ఖర్చవుతుంది. దేశీయ జాతుల్లో దిగుబడి సాధారణంగా మూడు నుండి ఐదో ఈత వరకు గరిష్ఠస్థాయికి చేరుతుంది. కావున తొలి ఈత పాలను బట్టి ఆవును అమ్మివేయడం తొందరపాటు.

ఈనిన కాలం: ఈనిన 4–8 వారాలలో పాలు అత్యధికంగా ఉంటాయి. మార్గశిరంలో ఈనిన ఆవుకు ఆ వారాలు వరి మాగాణుల్లో పిల్లిపెసర, జనుము లభించే రోజుల్లో వస్తాయి. చైత్రంలో ఈనిన ఆవుకు అవే వారాలు నడివేసవిలో పడతాయి. దేశీయ జాతులు ఎండను తట్టుకోగలవన్నది నిజమే. అయినా తీవ్రమైన ఎండలో మేత తినడం తగ్గుతుంది, దానితో పాలూ తగ్గుతాయి.

మేత: వరిగడ్డిలో ముడి మాంసకృత్తులు 3–4 శాతానికి మించవు. అందులోని ఆక్సలేట్లు కాల్షియంను బంధిస్తాయి. 100 కిలోల గడ్డిపై 4 కిలోల యూరియా కలిపిన 50–60 లీటర్ల నీటిని చల్లి, గాలి చొరకుండా 21 రోజులు మాగబెడితే మాంసకృత్తుల విలువ దాదాపు రెట్టింపవుతుంది. శరీర పోషణకు 1–1.5 కిలోల దాణా, ఆపై ప్రతి 2.5–3 లీటర్ల పాలకు మరో కిలో అవసరం. పాలలో సుమారు 87 శాతం నీరే కనుక తాగునీటి కొరత కూడా దిగుబడిని తగ్గిస్తుంది.

వట్టి కాలం: మరుసటి ఈతకు ముందు సుమారు 60 రోజుల విశ్రాంతి లభిస్తేనే పొదుగు కణజాలం పునరుద్ధరింపబడుతుంది. ఈనిన తరువాత ఆవు సకాలంలో చూడి కట్టకపోతే వట్టి కాలం నెలల తరబడి సాగి, జీవితకాలపు దిగుబడి తగ్గుతుంది.

పాలు పితకడం: దేశీయ ఆవు సాధారణంగా దూడ కుడిస్తేనే చేపుతుంది. బెదిరినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ చేపును అడ్డుకుంటుంది. దూడ మరణిస్తే పలు ఆవులు ముందే వట్టిపోతాయి. ఇక దూడ తాగిన పాలు ఏ లెక్కలోనూ చేరవు.

ఈ కారకాలను సవరించకుండా దిగుబడులను పోల్చడం వల్ల జరిగే నష్టం ఒక రైతుకే పరిమితం కాదు. మంచి మేత తిని మూడో ఈతలో ఉన్న సామాన్యమైన ఆవు మేలైనదిగా కనిపించి, దాని కోడెదూడ ఆబోతుగా ఎంపికవుతుంది. నిజంగా మేలైన తొలిచూలు ఆవు వేసవిలో ఈనిన పాపానికి సంతకు చేరుతుంది. దానితోపాటు దాని సంతతిని కూడా కోల్పోతాము.

గుంటూరు సమీపంలోని లాం పశు పరిశోధన స్థానం వంటి కేంద్రాలలో ప్రతి ఆవుకూ రికార్డు ఉంటుంది. రైతు ఇంట అది సాధారణంగా ఉండదు. కావున విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గ్రామానికి వెళ్లినప్పుడు ఆవు ఎన్ని లీటర్లు ఇస్తున్నదని అడిగి ఆగిపోరాదు. అది ఎన్నో ఈత, ఏ మాసంలో ఈనింది, ఎంతకాలం వట్టిపోయింది, ఏమి మేస్తున్నది, దూడ బ్రతికి ఉన్నదా అన్న వివరాలను కూడా నమోదు చేయాలి. ఆ వివరాలు చేతికి వచ్చిన తరువాతే జాతి గుణదోషాలపై తీర్పు చెప్పడం న్యాయం.