కారు రంగు పనిలో థిన్నర్ ఆవిరి

మన ఎచ్చెర్ల, రణస్థలం వైపు నుండి పని కోసం చెన్నై వెళ్ళిన యువకులలో కార్ల కంపెనీలలో చేరినవారు ఉన్నారు. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో 2019లో కార్ల తయారీ మొదలైంది. ఇక ఇక్కడే హైవే పక్కన టింకరింగ్, పెయింటింగ్ షెడ్లలో పని నేర్చుకునే కుర్రాళ్ళు సరేసరి. వీరందరి పనిలోనూ సాల్వెంట్లు ఉంటాయి.

సాల్వెంట్ అంటే రంగును పలచన చేసే, గ్రీజును కరిగించే ద్రవం. మనం థిన్నర్ అనేది టోలీన్, జైలీన్, అసిటోన్ వంటి కొన్ని సాల్వెంట్ల మిశ్రమం. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల వంటి చోట్ల కూడా ఈ జాతి ద్రవాలనే వాడతారు. రంగు ఆరేటప్పుడు థిన్నర్ గాలిలోకి పోతుంది. దగ్గర నిలబడిన మనిషి ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి, అక్కడి నుండి మెదడుకు చేరుతుంది. చర్మం గుండా కూడా కొంత లోపలికి పోతుంది. వాసన రావడం లేదు కదా అని ధైర్యపడకండి. కొంతసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది.

కార్ల కర్మాగారంలో ఈ ఆవిరి ఎక్కువగా వచ్చేది రంగులు వేసే విభాగం నుండే. బయటికి పోయిన ఆవిరి, వాహనాల పొగతో ఎండలో కలిసి, ఊపిరికి హాని చేసే ఓజోన్ వాయువుగా మారుతుంది. అందుకే పెద్ద కంపెనీలు పద్ధతి మార్చుకున్నాయి. కారు బాడీని నీటితో కలిపిన రంగు తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో మొదటి పూత పట్టిస్తారు. పై రంగును రోబోలు చల్లుతాయి. చాలాచోట్ల ఆవిరిని పట్టి కొలిమిలో కాల్చేస్తారు. రోడ్డు పక్క షెడ్డులో ఇవేవీ ఉండవు. అక్కడ పనివాడి ముక్కే ఫిల్టరు!

పని చేసిన రోజునే తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు కనిపిస్తాయి. సెలవు రోజు బాగుండి, పనికి వెళ్ళగానే మళ్ళీ మొదలైతే కారణం పనిచోటే ఉందేమో అనుమానించాలి. ఏళ్ళ తరబడి పీలిస్తే మతిమరుపు, చిరాకు, నిద్రలేమి రావచ్చు. బెంజీన్ కలిసిన సాల్వెంట్లు ఎముక మూలుగను దెబ్బతీసి రక్తహీనతను, రక్త క్యాన్సర్‌ను తెస్తాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో బ్రేకులు శుభ్రం చేసే స్ప్రే వాడిన కార్ల మెకానిక్‌లకు కాళ్ళు చేతులు తిమ్మిరెక్కి, నరాలు దెబ్బతిన్నట్టు 2001లో ప్రభుత్వ వైద్యులు ప్రకటించారు. ఆ స్ప్రేలో ఉన్నది హెక్సేన్ అనే సాల్వెంట్. రంగులో కలిపే హార్డెనర్ సాల్వెంట్ కాదు గాని, స్ప్రే గన్‌లో దానితోపాటే వస్తుంది. అది ఆయాసానికి, ఉబ్బసానికి పెద్ద కారణం.

ముక్కుకు రుమాలు కట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుందేమో గాని ఆవిరి ఆగదు. కరోనా రోజులలో కట్టుకున్న మాస్కు కూడా అంతే. బొగ్గు ఫిల్టరు ఉన్న మాస్కు కావాలి, ఆ ఫిల్టరును మారుస్తుండాలి. హార్డెనర్ కలిపిన రంగు కొట్టేవారికి బయటి నుండి మంచి గాలి అందించే మాస్కే క్షేమం. షెడ్డు తలుపులు తీసి, గాలి వీపు వైపు నుండి వచ్చేలా నిలబడండి. దగ్గరలో బీడీ వెలిగించకూడదని వేరే చెప్పాలా? పని అయ్యాక చేతులను థిన్నర్‌తోనో పెట్రోలుతోనో కడుక్కునే అలవాటు మానండి, సబ్బు చాలు. పని బట్టలు విడిగా ఉతకండి. మిగిలిన థిన్నర్‌ను నేల మీద పారబోస్తే అది ఇంకి నూతి నీటిలో కలుస్తుంది.

థిన్నర్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంటికి తేవద్దు. పసిపిల్లలు నీళ్ళనుకుని తాగేస్తారు. అలా జరిగితే వాంతి చేయించకండి. వాంతిలో అది ఊపిరితిత్తులలోకి పోతే ఇంకా ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఆసుపత్రికి వచ్చినప్పుడు "కూలి పని" అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఏ రంగు, ఏ థిన్నర్, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్ళుగా అన్నవి డాక్టరుకు చెప్పండి. లేకపోతే ఆయాసానికీ తిమ్మిరికీ మందులు రాస్తూనే ఉంటాం, జబ్బు పనిచోట పెరుగుతూనే ఉంటుంది. పేర్లు గుర్తు లేకపోతే డబ్బా మీది లేబుల్‌ను ఫోనులో ఫోటో తీసి తెచ్చినా సరిపోతుంది.