కందిలో శనగపచ్చ పురుగు: కషాయం పని చేయకుంటే పట్టా పరిచి దులపండి

కంది పూతకొచ్చింది కదా, వారం నుంచి ఫోన్లలో ఒకటే ప్రశ్న: "తమ్మీ, కషాయం రెండుసార్లు కొట్టిన, పురుగు చస్తలేదు. ఏం చేయాలె?" దీని జవాబు నాకు సగం పంట పోయినాకే తెలిసింది.

మూడేళ్ల కింద, సంగారెడ్డి దగ్గర మా ఎకరంన్నర కంది. నవంబర్‌లో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆ నాలుగు రోజులూ నేను చేను మొహం చూడలేదు. ఎండ కాసినాక పోతే కాయకో గుండ్రటి బొక్క. పురుగు తలకాయ కాయలో, మిగతా ఒళ్లంతా బయట. వెంటనే అగ్నిఅస్త్రం కొట్టాను. నాలుగు రోజులకు మళ్లీ కొట్టాను. పురుగు అట్లనే తింటూ ఉంది.

ఒక సాయంత్రం మందుల షాపు ముందు బండి ఆపాను, నిజం చెప్తున్నా. కానీ ఆ పప్పు పటాన్‌చెరులో ముప్పై ఇండ్లకు 'మందు కొట్టనిది' అని మాటిచ్చి అడ్వాన్స్ తీసుకున్నది. బండి తిప్పుకొని ఇంటికొచ్చాను. నాయిన విని, "మందు లేనప్పుడు మేం ఏం చేసినం రా? చెట్టు దులిపినం. పట్టా తీస్కపో" అన్నాడు.

పొద్దున్నే ముగ్గురం పోయాం. దులిపితే టపటపా రాలాయి. ఎకరంన్నరకు రెండు పొద్దులు పట్టింది. అప్పటికే ఆలస్యం కాబట్టి సగం పంటే దక్కింది. సగం ఇండ్లకు అడ్వాన్స్ తిరిగిచ్చాను. మిగతా సగం ఇండ్లవాళ్లు ఇప్పటికీ మా దగ్గరే కొంటున్నారు.

కషాయం ఎందుకు పని చేయలేదు?

తల్లి పురుగు మొగ్గల మీద, పూల మీద, లేత ఆకుల మీద ఒక్కో గుడ్డు విడివిడిగా పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల పురుగు వస్తుంది, రెండు మూడు వారాలు తింటుంది. వేప, అగ్నిఅస్త్రం లాంటివి బాగా పనిచేసేది చిన్న పురుగు మీదే. ముదిరి కాయలో తల పెట్టినాక కషాయం దానికి సరిగా తగలదు. డిప్లొమాలో ఈ దశలన్నీ రాసి మార్కులు తెచ్చుకున్నా, చేనులో ఆ లెక్క మరిచిపోయాను.

దులుపుడు కొత్తది కాదు. మన పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కూడా 1990ల చివర్లో ఈ పాత పద్ధతినే రైతులతో కలిసి మళ్లీ పరీక్షించారు. రాలిన పురుగులతో ఎన్‌పీవీ వైరస్ ద్రావణం తయారు చేయించారు. ఈ వైరస్ సోకిన పురుగు కొమ్మకు తలకిందులుగా వేలాడి చస్తుంది. మీ చేనులో అలా కనిపిస్తే తీసేయకండి, అది మన పని చేస్తోంది.

ఎప్పుడు ఏం చేయాలి?

మొగ్గ దశ నుంచే మూడు రోజులకోసారి చేను తిరగండి. అక్కడక్కడ పది మొక్కల కింద గుడ్డ పరిచి తట్టి చూడండి. ముసురు పడితే రోజూ చూడాలి.

గుడ్లు, చిన్న పురుగులు ఉంటే 5 శాతం వేపగింజల కషాయం. 5 కిలోల వేపపప్పు పొడి పల్చటి గుడ్డలో కట్టి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, బాగా పిండి వడకట్టాలి. 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, నీళ్లతో 100 లీటర్లు చేసుకోవాలి. సాయంత్రమే కొట్టండి. ఎండకు వేప సత్తువ పోతుంది, పగలు పూల మీద తేనెటీగలుంటాయి.

ముదురు పురుగులుంటే దులపండి. సాలు మధ్య పట్టా పట్టుకొని ఇద్దరు నడవాలి, మూడో మనిషి చెట్టును పట్టా మీదికి వంచి మెల్లగా ఊపాలి. విరిగేలా గుంజొద్దు. పట్టాలో సాలీళ్లు, అక్షింతల పురుగులు కూడా పడతాయి, వాటిని చేనులో వదిలి, పచ్చపురుగులను కోళ్లకు వేయండి. కొంత పూత రాలుతుంది, భయపడకండి. కందికి పూత చాలా భాగం ఎట్లాగూ నిలవదు. వారం తర్వాత మళ్లీ తట్టి చూడండి. పూలల్లో దాగిన చిన్నవి మొదటిసారి రాలవు.

మనుషులు దొరకరు అంటారు. నిజమే, పాశమైలారం షిఫ్టు బస్సు మా ఊరి కూలోళ్లను పొద్దున్నే ఎక్కించుకుపోతుంది. అందుకే మేం ఆదివారం పెట్టుకుంటాం. మా దులుపుడు మీకు పని, మీ దులుపుడు మాకు పని, బదులు చేసుకుంటాం.

వచ్చే ఏడుకు ఇప్పుడే అనుకోండి: సాలుకు సాలుకు నాలుగైదు అడుగులు ఉండాలి, లేకుంటే పట్టా పట్టదు. నడుమ జొన్న వేస్తే పిట్టలు వాలి పురుగును ఏరుకుంటాయి. జొన్న లేకుంటే ఎకరాకు పదిహేను, ఇరవై కర్రలు పాతండి. లింగాకర్షక బుట్టలు నాలుగైదు పెడితే తల్లి పురుగు వచ్చిందని ముందే తెలుస్తుంది. పురుగు ప్యూపా అయ్యేది మట్టిలోనే, కాబట్టి వేసవి దుక్కి వదలొద్దు.

పట్టా ఎట్లా పట్టాలో, చెట్టు ఎంత వంచాలో వీడియోలో చూపించాను. వీడియో తర్వాత చూసినా ఫరవాలేదు. రేపు పొద్దున పది మొక్కలు తట్టి, ఎన్ని రాలాయో, ఏ సైజువో రాయండి.