నల్ల తొక్క... ఎర్ర షర్బత్

కోకం చెట్టుకు గడువు తక్కువ. మార్చి ఆఖర్లో మొదలై మే నెలంతా కాయ పండుతుంది. జూన్ తొలివారంలో రుతుపవనాలు కొంకణ్ తీరాన్ని తాకాయంటే ఇక ఎండబెట్టే మాటే లేదు. అందుకే ఆ రెండు నెలలూ రత్నగిరి, సింధుదుర్గ్ జిల్లాల్లో, గోవా పల్లెల్లో వాకిళ్ల నిండా ఎర్రటి తొక్కలే కనిపిస్తాయి. పండును కోసి, గింజలూ గుజ్జూ వేరుచేసి, తొక్కల్ని ఎండలో పరుస్తారు. తీసిన గుజ్జు రసంలో ఉప్పు కలిపి, సగం ఎండిన తొక్కల్ని అందులో ముంచి మళ్లీ ఆరేస్తారు. ఇలా పలుమార్లు. ముంచిన కొద్దీ పులుపు ఎక్కుతుంది, రంగు ముదురుతుంది. చివరికి నల్లగా, మెత్తగా ఆమ్‌సూల్ తయారవుతుంది. మన వంటింట్లో చింతపండు చేసే పని అక్కడ అదే చేస్తుంది.

చూడ్డానికి నిమ్మకాయంత ఉండే ఈ పండు మాంగోస్టీన్‌కు దగ్గరి చుట్టం. ఈ చెట్లలో ఆడా మగా వేరువేరు. విత్తు నాటిన రైతుకు తన చెట్టు ఏదో పూత వచ్చేదాకా తెలియదు. అంటే ఆరేడేళ్లు నీళ్లు పోశాక అది మగచెట్టని తేలొచ్చు! అందుకే ఇప్పుడు అంటు మొక్కలు నాటుతున్నారు. దాపోలీలోని కొంకణ్ కృషి విద్యాపీఠ్ ‘కొంకణ్ అమృత’ అనే రకాన్ని ఇచ్చింది.

అక్కడివాళ్లు షర్బత్‌కు పొయ్యి వెలిగించరు. పచ్చి తొక్కల్లో చక్కెర నింపి, గాజు జాడీలో పేర్చి ఎండలో పెడతారు. చక్కెర తొక్కలోని రసాన్ని బయటికి లాగుతుంది. కొన్నాళ్లకు జాడీ అడుగున చిక్కటి ఎర్రటి పాకం చేరుతుంది. దాని పేరే అమృత్ కోకం. పచ్చి పండు మనదాకా రాదు కాబట్టి మనకు ఎండు తొక్కే గతి. నన్నడిగితే అదేమీ తక్కువ కాదు. పచ్చిదాని తాజాదనం ఉండదు గానీ పులుపులో ఓ లోతు ఉంటుంది.

గుజరాతీ పప్పులో కోకం పడాల్సిందే. కాబట్టి హైదరాబాద్‌లో గుజరాతీలు సరకులు కొనే దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది. కొనేటప్పుడు ఒక్కటి చూడండి: ఉప్పు పట్టించినదా, లేనిదా? షర్బత్‌కు ఉప్పులేనిది మేలు. ఉప్పుదే దొరికితే ఒకసారి గబగబా కడిగేయండి, నానబెట్టి కడిగితే పులుపూ పోతుంది. గోవా సముద్రతీరంలో కోకం, కొబ్బరిపాలతో చేసిన గులాబీ రంగు సోల్‌కఢీ తాగొచ్చినవాళ్లకు ఈ రుచి కొత్త కాదు.

వంద గ్రాముల తొక్కలు తీసుకుని, కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో రాత్రంతా నాననివ్వండి. గిన్నె స్టీలుదో గాజుదో కావాలి. అల్యూమినియం, ఇత్తడి, ఇనుము వద్దు, ఇంత పులుపు లోహాన్ని కరిగిస్తుంది. పొద్దున్నే చేత్తో బాగా పిసికి, పలుచటి గుడ్డలో వడకట్టండి. వచ్చిన రసాన్ని తూచి, దాని బరువుకు దాదాపు రెట్టింపు చక్కెర వేయండి. గుండె గుభేల్మన్నా సరే, వేయండి. పాకంలో చక్కెర 65 శాతం దాటితే సూక్ష్మజీవులకు అందే నీరు మిగలదు. సీసా నిలవ ఉండేది ఆ లెక్క మీదే. సగం చక్కెరతో చేసినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి వారంలో తాగేయాలి.

సన్నటి సెగ మీద చక్కెర కరిగి, అంచున బుడగలు కనిపించగానే దించేయండి. చాలామంది ఇక్కడే చెడగొడతారు. అరిసెలు చేసిన చేయి కదా, పాకం ముదిరేదాకా ఆగలేదు! కోకం ఎరుపు ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలది. ఎక్కువసేపు మరిగితే అవి విరిగిపోయి పాకం ఇటుకరంగుకు తిరుగుతుంది. వెలుతురు తగిలినా అంతే, కాబట్టి సీసాను చీకటి అలమరలో ఉంచాలి. చక్కెర గడ్డకడుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. కోకం పులుపే కొంత చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టి పలుకులు కట్టనివ్వదు.

చల్లారాక వేయించిన జీలకర్ర పొడి, నల్లుప్పు కలపండి. యాలకులు వేసేవాళ్లూ ఉన్నారు, నాకు నచ్చదు. గ్లాసు చల్లటి నీళ్లకు రెండు పెద్ద చెంచాల పాకం చాలు. రాయలసీమ వీధుల్లో నన్నారి షర్బత్‌లో వేసినట్టు నానిన సబ్జా గింజలు ఇందులోనూ వేసుకోవచ్చు. నిమ్మరసం మాత్రం వద్దు, పులుపు మీద పులుపెందుకు?

దుకాణం సీసాల్లో రక్తమంత ఎర్రగా మెరిసేదాన్ని చూసి ఇంట్లో చేసుకున్నది వెలిసిందనుకోవద్దు. అనుమానముంటే రెండింటినీ కొంచెం నీళ్లలో కలిపి చెరో చిటికెడు వంటసోడా వేయండి. అసలు కోకం రంగు ఊదావైపో నీలంవైపో మళ్లుతుంది. కృత్రిమ రంగైతే చాలావరకు అలాగే ఉండిపోతుంది.

కోకం బరువు తగ్గిస్తుందని చెప్పి అమ్మేవాళ్లకూ కొదవలేదు. ఇందులోని హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం పేరుతో మాత్రల వ్యాపారమే నడుస్తోంది. పైన చెప్పిన గ్లాసు షర్బత్‌లో దాదాపు ఆరు టీచెంచాల చక్కెర ఉంటుంది. దాహం తీరడానికి తాగండి, నడుము తగ్గడానికి కాదు. మధుమేహం ఉన్నవారు చక్కెర జోలికి పోకుండా నానిన రసంలో ఉప్పు, జీలకర్ర వేసుకుంటే సరిపోతుంది.

పిండేసిన తొక్కల్ని పారేయకండి. వాటిలో ఇంకా పులుపుంటుంది. ఓ గుప్పెడు పప్పుచారులో పడేసి చింతపండు సగానికి తగ్గించండి. దించేముందు తొక్కల్ని ఏరేస్తే పిల్లలు పేచీ పెట్టరు.