ఉమ్మడి ఫిర్యాదు, సొంత గడువు

నాసిరకం విత్తనాల వల్ల ఒక గ్రామంలో నలభై మంది రైతుల వేరుశనగ పంట దెబ్బతిన్నదనుకుందాం. అందరి తరఫున ఐదుగురు వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళారు. తక్కినవారు "కేసు నడుస్తున్నది కదా, మనకూ వస్తుంది" అని ఊరకున్నారు. ఆ నమ్మకం ఎంతవరకు సరైనది?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 35వ సెక్షన్ ప్రకారం, ఒకే ప్రయోజనం గల పలువురి పక్షాన కొందరు ఫిర్యాదు చేయవచ్చు. కాని దానికి కమిషన్ అనుమతి తప్పనిసరి. విత్తనాలు కొన్న రైతు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో జాతీయ విత్తన సంస్థ వ్యాజ్యంలో స్పష్టం చేసింది. ఇక 69వ సెక్షన్ ప్రకారం, వ్యాజ్య కారణం ఏర్పడిన నాటినుండి రెండేళ్ళలోగా ఫిర్యాదు దాఖలు కావాలి.

చిక్కు ఇక్కడే ఉన్నది. బెంగళూరులో బ్రిగేడ్ సంస్థ నిర్మించిన 1,134 ఫ్లాట్ల సముదాయంలో, జాప్యానికి పరిహారం కోరుతూ 91 మంది కొనుగోలుదారులు అందరి తరఫున ఫిర్యాదు చేశారు. అందరి ప్రయోజనం ఒకటేనని ఫిర్యాదులో నిరూపించలేదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. దానిని ఆ ఫిర్యాదుదారుల ఉమ్మడి ఫిర్యాదుగా మాత్రమే కొనసాగనిచ్చింది. పేర్లు లేని ఇతరులకు అది వర్తించలేదు.

అమెరికాలో 1974 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, సామూహిక వ్యాజ్యం పెండింగులో ఉన్నంతకాలం అందులోకి రాదగిన వ్యక్తుల గడువు ఆగి ఉంటుంది. మన 1963 నాటి కాలపరిమితి చట్టంలో అటువంటి నిబంధన లేదు. పైగా దాని 21వ సెక్షన్ మేరకు, సివిల్ దావాలో తరువాత చేరిన వాదికి, అతడు చేరిన నాడే దావా వేసినట్లు లెక్క. సద్భావంతో జరిగిన పొరపాటు వల్ల పేరు విడిచిపోతే మాత్రమే కోర్టు మినహాయింపు ఇవ్వవచ్చు. గడువు మీరిన దావాను, ప్రతివాది అభ్యంతరం చెప్పకున్నా, కోర్టు కొట్టివేయవలసిందే. వినియోగదారుల కమిషన్ తగిన కారణం చూపితే జాప్యాన్ని మన్నించవచ్చు; కాని అది హక్కు కాదు.

కాబట్టి ఉమ్మడి ఫిర్యాదుపై ఆధారపడేవారు మూడు సంగతులు విచారించుకోవాలి: కమిషన్ అనుమతి లభించిందా? అందులో వర్ణించిన వర్గంలోకి తమ నష్టం వస్తుందా? తమ రెండేళ్ళు ఏ తేదీన ముగుస్తాయి? అనుమానం ఉంటే, ఆ తేదీకి ముందే తమ పేరుతో సొంతంగా గాని, ఇతరులతో కలిసి గాని ఫిర్యాదు చేయడం క్షేమం.

సోమేనహళ్ళి ప్రాంతవాసులు చిక్కబళ్ళాపుర జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కొన్న వస్తువుకు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయలలోపు అయితే రుసుము లేదు. రసీదు, విత్తన సంచి, దానిపై ఉన్న చీటీ, రైతు సంపర్క కేంద్రం అధికారుల పరిశీలన నివేదిక భద్రపరచుకోవాలి. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. అందుకు తాలూకా న్యాయసేవల సమితిని గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చు.

పదుగురితో కలిసి నడవడం బలమే. అయినా ఎవరి గడువును వారే లెక్కించుకోవాలి.