గ్రాఫిక్స్ కార్డుకు అదనపు వోల్టేజీ: అపోహలు – వాస్తవాలు

అపోహ: వోల్టేజీ పెంచితే గేమ్ వేగం పెరుగుతుంది.

వేగాన్ని నిర్ణయించేది చిప్ క్లాక్. ఆ క్లాక్ దగ్గర ట్రాన్సిస్టర్లు తడబడకుండా పనిచేయడానికి కావలసింది వోల్టేజీ. క్లాక్‌ను ముట్టుకోకుండా వోల్టేజీ ఒక్కటే పెంచితే మిగిలేది వేడి, ఫ్యాన్ల రొద, కరెంటు బిల్లు.

పోనీ రెండూ కలిపి పెంచినా లెక్క కలిసిరాదు. చిప్ లాగే విద్యుత్తు క్లాక్ పెరిగిన మేరకు పెరుగుతుంది. వోల్టేజీ విషయంలో మాత్రం దాని వర్గం చొప్పున పెరుగుతుంది. మొదట్లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 కార్డులు మామూలుగా 1.05 వోల్టుల దాకా వెళ్లేవి, సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజీ స్లైడర్ జరిపితే 1.1 దాకా. ఈ అయిదు శాతం తేడాకే విద్యుత్తు దాదాపు పది శాతం ఎక్కువవుతుంది. పెరిగిన క్లాక్ తీసుకునేది దానికి అదనం. ఇంతా చేస్తే వచ్చే కొత్త ఫ్రేములు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఆ ఎలుకైనా దొరకని కార్డులే ఎక్కువ. ఆర్‌టీఎక్స్ 3080 పవర్ లిమిట్ 320 వాట్లు. 4కే గేముల్లో అది చాలాసేపు ఆ గీతను ఆనుకునే నడుస్తుంది. ఓవర్‌క్లాకింగ్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్‌బర్నర్‌లో స్లైడర్ ఎన్ని వోల్టులో చూపించదు, శాతమే చూపిస్తుంది. దాన్ని 100కి లాగితే ఏ వోల్టేజీకి ఎంత క్లాక్ అన్నది చూపే కర్వ్‌లో పైనున్న కొన్ని మెట్లు తెరుచుకుంటాయి, అంతే. పవర్ గీత దగ్గరే ఆగిపోయిన కార్డుకు ఆ మెట్లు ఎక్కే వీలే ఉండదు. స్లైడర్ జరిపి ‘తేడా తెలుస్తోంది’ అనేవాళ్లలో సగం మంది నమ్మకం మీద అంటున్నారని నా అనుమానం.

అపోహ: స్లైడర్ జరిపితే కార్డు కాలిపోతుంది.

ఇది రెండో కొసకు పోయిన భయం. ఎన్విడియా 2012లో జీటీఎక్స్ 680తో జీపీయూ బూస్ట్ తెచ్చినప్పటి నుంచి వోల్టేజీకి తాళం వేసి ఉంచింది. చిప్ ఎక్కువకాలం మన్నాలనేది కంపెనీ చెప్పిన కారణం. బయటి పరికరంతో వోల్టేజీ పెంచుకునేలా జీటీఎక్స్ 680 క్లాసిఫైడ్‌లో పెట్టిన ఏర్పాటును కార్డుల తయారీ సంస్థ ఈవీజీఏ ఆ ఏడాదే తీసేయాల్సి వచ్చింది. అంటే మామూలు సాఫ్ట్‌వేర్ స్లైడర్ కంపెనీ గీసిన గిరి దాటదు.

ప్రమాదమంతా గిరి దాటాకే. వేరే కార్డు బయోస్ ఎక్కించడం ఒకటి. షంట్ మాడ్ ఇంకొకటి: విద్యుత్తును కొలిచే బుల్లి రెసిస్టర్ మీద మరో రెసిస్టర్ సోల్డర్ చేస్తారు. దాంతో కార్డు తాను తక్కువే లాగుతున్నానని నమ్ముతుంది, లాగేది మాత్రం ఎక్కువ. ఆ భారం చిప్‌కు వోల్టేజీ అందించే వీఆర్ఎం మీదా, పవర్ కనెక్టర్ మీదా పడుతుంది. 8 పిన్నుల కనెక్టర్‌కు ప్రమాణం ప్రకారం ఇచ్చింది 150 వాట్లే. వారంటీ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: టెంపరేచర్ అదుపులో ఉంటే నష్టమేమీ లేదు.

సగమే నిజం. చిప్‌లోని సన్నని లోహపు తీగల్లో కరెంటు ఒత్తిడికి పరమాణువులు మెల్లగా కొట్టుకుపోతుంటాయి. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1969లోనే దీనికి సమీకరణం ఇచ్చాడు. అందులో వేడితో పాటు కరెంటు సాంద్రతకూ పెద్ద వాటా ఉంది. ట్రాన్సిస్టర్లలోని పల్చటి ఇన్సులేషన్ పొర అరుగుదలకైతే వోల్టేజీయే నేరుగా కారణం. వాటర్ కూలింగ్ పెట్టినంత మాత్రాన ఇవి ఆగవు, నెమ్మదిస్తాయి. కొన్నేళ్లకు ఒకప్పుడు నిలకడగా నడిచిన క్లాక్ దగ్గరే స్క్రీన్‌పై చుక్కలు, డ్రైవర్ క్రాష్‌లు మొదలుకావచ్చు. పైగా మే నెలలో రామగుండంలో ఏసీ లేని గదిలో చిప్ వేడి గది వేడితో పాటే ఎక్కుతుంది. జనవరిలో కుదిరిన సెట్టింగ్ అప్పుడూ కుదురుతుందన్న హామీ లేదు.

మరి లాభం ఎవరికి? మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ పోసి రికార్డుల కోసం పోటీపడేవాళ్లకు అదనపు వోల్టేజీ లేనిదే పని జరగదు. పవర్ లిమిట్‌కు చాలా కింద నడిచే గేముల్లో, చల్లని కేసులో, కాస్త ఓవర్‌క్లాక్‌ను నిలబెట్టుకోవడానికీ అది ఉపయోగపడుతుంది.

అపోహ: వోల్టేజీ తగ్గిస్తే కార్డు బలహీనపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. కంపెనీ అతి నాసిరకం చిప్‌ను కూడా దృష్టిలో పెట్టుకుని వోల్టేజీ నిర్ణయిస్తుంది కాబట్టి చాలా కార్డులకు అవసరానికి మించే అందుతుంది. 2017లో వచ్చిన రేడియాన్ వేగా కార్డులకు వోల్టేజీ తగ్గించి, అదే పవర్ లిమిట్‌లో ఇంకా ఎక్కువ క్లాక్ రాబట్టినవాళ్లు ఎందరో. వోల్టేజీ మరీ తక్కువైతే అయ్యేది క్రాషే. రీస్టార్ట్ చేస్తే సరి, కార్డుకు దెబ్బ తగలదు.

3080లాంటి దానికైతే ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కి కర్వ్ తెరవండి. 0.9 వోల్టుల దగ్గరి చుక్కను 1,850 మెగాహెర్ట్జ్‌కు జరిపి, దాని కుడివైపున్నవన్నీ అదే ఎత్తులో ఉంచి అప్లై చేయండి. మీ దగ్గరున్న అతి బరువైన గేమ్‌ను గంటసేపు ఆడి చూడండి. క్రాష్ అయితే అదే క్లాక్‌ను 0.925 దగ్గర పెట్టి మళ్లీ ప్రయత్నించండి.