మూగవోయిన కంఠమునకు మరల మాట

నోట మాట పడిపోయిన రోగికి తెలివియు తప్పినదని బంధువులు తలంచుట కలదు. ఇది అన్నివేళల నిజము కాదని ఇటీవల అమెరికా విశ్వవిద్యాలయములలో జరిగిన పరిశోధనలు తేటపరచుచున్నవి.

మనము ‘నీరు’ అని పలుకవలెనన్నచో నాలుక, పెదవులు, దవడ, స్వరపేటిక ఏ క్షణమున ఎట్లు కదలవలయునో మెదడులోని ఒక భాగము ఆజ్ఞాపించును. ఆ యాజ్ఞలు సన్నని విద్యుత్స్పందనములై నరముల గుండ కండరములను చేరును. ఎ.ఎల్.ఎస్. అను వ్యాధిలో కండరములను నడపు నాడీకణములు క్రమముగా నశించును. మెదడు కాండమునకు రక్తప్రసారము నిలిచినను ఈ మార్గము తెగిపోవచ్చును. అయినను ఆజ్ఞ లిచ్చు స్థానము పెక్కుమందియందు పనిచేయుచునే యుండును. ఉత్తరము వ్రాసియే యున్నది. టపా దారి మాత్రము తెగినది.

ఆ యుత్తరమును మెదడుకడనే చదువుటయే పరిశోధకులు తలపెట్టిన పని. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున డాక్టర్ ఎడ్వర్డ్ ఛాంగ్ బృందము, పదునైదేండ్లకు పైగా మాట లేని యొక వ్యక్తి మెదడుపై ఎలక్ట్రోడుల పలుచని రేకు నమర్చినది. ఆయన పలుక యత్నించిన మాటలను కంప్యూటరు గుర్తించి తెరపై వ్రాసినది. నాడు దానికి తెలిసినవి 50 పదములే. వేగము నిమిషమునకు ఇంచుమించు 15 పదములు. 2024లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ఎ.ఎల్.ఎస్. రోగి మెదడున 256 సూక్ష్మ ఎలక్ట్రోడులను చొప్పించి, 1,25,000 పదముల నిఘంటువుతో నూటికి 97 పదములు సరిగా రాబట్టగలిగిరి. వ్యాధికి పూర్వపు ధ్వనిముద్రణముల సాయమున ఆ వాక్యములను ఆయన కంఠమును పోలిన స్వరముననే యంత్రము చదివి వినిపించినది. కంఠస్వరమును బట్టియే మనిషిని గుర్తించు రేడియో శ్రోతలకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇది యింకను ప్రయోగదశయే. కపాలమును తెరచు శస్త్రచికిత్స కావలయును. ఈ సౌకర్యము పొందినవారు కొలదిమందియే. భాషాస్థానమే దెబ్బతిన్నవారి సమస్య వేరు. మరియొక చిక్కు గలదు. పైకి పలుక యత్నింపని లోపలి మాటను సైతము కొంతవరకు గుర్తింపవచ్చునని 2025లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కనుగొనిరి. రోగి అనుమతి లేక అది వెలికి రాకుండుటకై, ఆయన మనస్సున తలచుకొనిననే యంత్రము తెరచుకొను సంకేతపదమును గూడ వారు పరీక్షించిరి.

ఈ యంత్రములు మన యాసుపత్రులకు వచ్చువరకు వేచియుండనక్కరలేని పని యొకటి కలదు. మాట లేని రోగిని పలుకరింపుడు. రెప్పపాటు ఒకటి ‘ఔను’, రెండు ‘కాదు’ అని యేర్పరచుకొని, ప్రశ్న యడిగి, ఓపికతో ఎదురుచూడుడు. ఆ రెప్ప కదలికయే ఆయన ప్రత్యుత్తరము కావచ్చును.