గట్టు లేని మ్యాపులో గండి

ఏమ్మా చిట్టీ, బుడమేరు వాగు మ్యాపు మీద కంప్యూటర్లో నీళ్లు పారించి చూస్తున్నావట! ముందు నీ నేల ఎక్కడిదో చెప్పు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచిందేనా? మంచిదే, ఊరికే దొరుకుతుంది. కాకపోతే 30 మీటర్ల గడికంతా ఒకటే ఎత్తు, అదీ పూర్తి మీటర్లలో. కృష్ణా డెల్టాలో ఇల్లు మునిగేదీ మిగిలేదీ అర మీటరు తేడాలోనే మరి!

కాలవ గట్టు పైన నాలుగైదు మీటర్ల వెడల్పుంటే గొప్ప. అంత గడిలో పక్క పొలంతో కలిసి సగటైపోయి మాయమైపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు డైవర్షన్ చానల్ గట్టుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది గదా. గట్టే లేని మ్యాపులో గండి ఎక్కడ కొడతావు?

అందుకే గట్టు నువ్వే పెట్టాలి. వరద లెక్కగట్టే హెక్‌రాస్ సాఫ్ట్‌వేర్‌లో అసలు నేలని ముట్టుకోనక్కర్లేదు. ప్లాను మీద ట్రేసింగు కాగితం పరిచినట్టు పైన ఇంకో పొర వేసుకోవడమే. గట్టు వెంట గీత గీసి, పై వెడల్పు, వాలు, పొడుగునా మట్టాలు ఇవ్వు. ‘ఏది ఎత్తయితే అది’ అనే ఆప్షన్ పెట్టు, లేకపోతే దారిలో ఉన్న మెరకని కూడా చెక్కేస్తుంది. కాలవకైతే ఆ ఆప్షన్‌ని తిరగేసి ‘ఏది పల్లమైతే అది’ అని పెట్టు. లేఅవుట్ వేసి మట్టి తోలిన చోటికి పాలిగన్. గండి కావాలా, గీతలో ఆ ముక్క మట్టం దించు.

చాలామంది బోల్తా పడేది ఆ తర్వాత. గట్టు లేపామని రన్ కొడతారు, నీళ్లు అవతల తేలతాయి. ప్రవాహం లెక్క జరిగేది నేల మీద నువ్వు పరిచిన మెష్ గడుల అంచుల మీద తల్లీ. గడి మధ్యలో నిలబడ్డ గట్టు సంగతి దానికి పట్టదు. బ్రేక్‌లైన్ వేసి అంచుని గట్టు నడినెత్తికి లాగు.

మట్టాలు మాత్రం ఊహించి రాయకు. డిజైను కాగితాల్లో అంకెనైనా నేను నమ్మను; గట్టు కుంగుతుంది, గేదెలు దిగి దిగి బాట చేస్తాయి, ట్రాక్టరు కోసం ఎవరో కాస్త తవ్వేస్తారు. ఎక్కడ పల్లమో కాలవ కాపలా చూసే లస్కర్ని అడుగు. అక్కడ లెవెల్ పెట్టించి, మన బెంచి మార్కు లెక్కా ఆ రాడార్ లెక్కా కలుస్తాయో లేదో చూసుకుని అంకె వెయ్యి.

తూములు కూడా పెట్టు. అవి లేకుండా గట్టొక్కటే లేపావా, గండి పడకపోయినా లోపల కురిసిన వానకే ఊరు మునిగినట్టు చూపిస్తుంది.